స్కేలు గీసిన జలపాతం

మా అన్నయ్యకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఏదైనా తెలియలేదంటే ఆ విషయంలోనే ఏదో లోపం ఉందని ఆయన నమ్మకం. ఉద్యోగం డ్రైవింగ్ స్కూల్లో నేర్పడం. ఆ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, పక్క సీట్లో కూర్చునే ఈయన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. ఎదుటివాడు తప్పు చేయబోతున్నాడని అనుమానం రాగానే ఈయన తన బ్రేకు తొక్కేస్తాడు. ఏళ్ళ తరబడి అదే పని చేసి చేసి, ఇంట్లో కూడా ఎవరైనా నోరు తెరిస్తే చాలు, ఆయన కుడికాలు నేలను నొక్కుతుంది. భోజనాల దగ్గరా అంతే, ఆసుపత్రిలో డాక్టరు మాట్లాడుతున్నప్పుడూ అంతే. వీధిలో అందరూ ఆయన్ని స్టీరింగుగారు అంటారు. అది గౌరవంతో అంటున్నారని ఆయన అనుకుంటాడు. అనుకోనీ, నాకెందుకు?

నేను బస్‌స్టేషన్లో మైకు ముందు కూర్చుంటాను. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో పొద్దస్తమానం చెబుతూనే ఉంటాను. చెప్పడం పూర్తి కాగానే జనం నా కిటికీ దగ్గరికొచ్చి సరిగ్గా అదే మాట అడుగుతారు. కాబట్టి మాట వినని మనుషులు నాకు కొత్తేం కాదు. కాకపోతే స్టేషన్లో అందుకు జీతమిస్తారు, ఇంట్లో ఇవ్వరు.

అసలు సంగతి అమ్మ కళ్ళు. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఉతికి రిటైరైన మనిషి. ఈమధ్య చూపు మధ్యలో మసక కమ్మింది. ఎదురుగా ఉన్నదాన్ని సూటిగా చూస్తే ఏమీ కనబడదు. మొహం కాస్త పక్కకు తిప్పితే మాత్రం కంటి అంచుల్లో కనిపిస్తుంది. అందుకని మనతో మాట్లాడేటప్పుడు మన భుజం వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు అటు చూస్తూ మాట్లాడుతుంది. అలా చూసిందంటేనే మనల్ని చూస్తోందని లెక్క. ఈ సంగతి డాక్టరు ఇంటిల్లిపాదికీ విడమరిచి చెప్పాడు. అయినా మా వదిన "అత్తయ్యగారు నా మొహం చూసి మాట్లాడరు, నేనేం పాపం చేశానో" అని కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. అన్నయ్య అయితే "అమ్మా, ఇటు, ఇటు చూడు" అంటూ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంటాడు. అలా తిప్పి, ఆమెకున్న కాస్త చూపు కూడా లేకుండా చేస్తాడు.

మొన్న డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఆ అంచులు కూడా ఎంతోకాలం నిలవవట. "ఆవిడ చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఈలోగా చూపించండి" అన్నాడు. ఇంటికొచ్చాక అందరం చుట్టూ కూర్చుని అడిగాం. వదిన తన కొత్త సోఫా సెట్టు చూపిద్దామంది. అన్నయ్య తన స్కూలు కొత్త కారు చూపిస్తానన్నాడు. వీళ్ళ మొహాలు మండ.

"జలపాతం చూస్తానర్రా" అంది అమ్మ.

మా వంటింట్లో ఒక పాత క్యాలెండరు ఉంది. సంవత్సరాలు మారినా అమ్మ దాన్ని గోడ మీంచి తీయనివ్వలేదు. అందులో ఒక జలపాతం, దాని కింద మెట్లు మెట్లుగా మడుగులు. పొయ్యి దగ్గర నిలబడితే కళ్ళెదురుగా అదే ఉండేది. బతుకంతా నీళ్ళలో చేతులు నానబెట్టిన మనిషి, కానీ నీళ్ళు పైనుంచి పడటం ఆమె చూసింది కుళాయిలోంచి, లేదంటే లాండ్రీ మేడ మీది ట్యాంకు నిండి పొర్లినప్పుడు. అంతే. ఆమె అడిగింది అదొక్కటే, అదీ చూపు పోయేలోపు.

పనిని అన్నయ్య తన నెత్తిన వేసుకున్నాడు. అక్కడే నాకు భయం పట్టుకుంది. "ఊరికి దగ్గర్లోనే ఏటి ఒడ్డున బ్రహ్మాండమైన దారి ఉంది. చిన్నపిల్లలు కూడా నడుస్తారు. చివర జలపాతం, మడుగులు. నేను స్వయంగా వెళ్ళి చూసొచ్చాను. మీరెవరూ బుర్ర పెట్టొద్దు" అన్నాడు. మా ఇంట్లో బుర్ర పెట్టే హక్కు ఎప్పుడో రద్దయింది కాబట్టి ఎవరూ పెట్టలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. అమ్మ, అన్నయ్య, వదిన, కాలేజీకెళ్ళే వాళ్ళమ్మాయి, మా చెల్లెలు, దాని మొగుడు, నేను. ఏడుగురు పట్టే కారు, మా మరిది నడిపాడు. ఆయన బ్యాంకులో పెద్ద హోదాలోనే ఉన్నాడు, అక్కడ ఎంతమందిని హడలగొడతాడో తెలియదు గానీ ఇక్కడ మాత్రం తల ఊపడమే పని. పక్క సీట్లో అన్నయ్య. కారు వేగం అందుకున్నప్పుడల్లా ఆయన లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాడు.

"బావగారు పక్కనుంటే ఆ ధైర్యమే వేరు" అన్నాడు మరిది.

"క్లచ్చు, క్లచ్చు. చూసుకో" అన్నాడు అన్నయ్య.

అమ్మ వెనక సీట్లో నా పక్కన కూర్చుని, కిటికీకి మొహం పక్కగా పెట్టి చెట్లను చూస్తోంది. లాండ్రీ రోజుల్లో సెలవునాడు కట్టుకునే శుభ్రమైన నూలు చీర కట్టుకుంది. తలంటుకుని గట్టిగా ముడి వేసుకుంది. పెళ్ళికి వెళుతున్నట్టే ఉందని నేను ఆటపట్టిస్తే సిగ్గుపడింది కూడా.

కారు ఆపిన చోట పెద్ద బోర్డు ఉంది. "జలపాతం మడుగులు. కుటుంబాలకు అనువైన సులువైన నడక" అని రాసి, కింద మూడు మడుగులు ఒకదాని మీద ఒకటిగా బొమ్మ వేశారు. అన్నయ్య ఆ బోర్డు వైపు కన్నెత్తి చూడలేదు. బోర్డులు నేర్చుకునేవాళ్ళ కోసమట. తలమీద టోపీ సర్దుకుని, చేతిలో ఒక కర్ర పట్టుకుని, ఏదో దండయాత్రకి బయల్దేరినవాడిలా ముందు నడిచాడు. ఆయన వెనక వదిన ఫోను పైకెత్తి ఆయన వీపును వీడియో తీస్తూ వెళ్ళింది. చూడ్డానికి అంత గొప్పగా ఏముందో ఆ వీపులో నాకు అర్థం కాలేదు.

నడక నిజంగానే సులువు. ఏరు ఎడమ పక్కన, చిన్న చిన్న రాళ్ళ మీద గలగలమంటూ పోతోంది. దారికి అటూ ఇటూ మనిషి పడుకోగలిగేంత పెద్ద పెద్ద ఆకుల మొక్కలు. ఎండ కింద దాకా రావడం లేదు గానీ ఉక్క మాత్రం ఒంటికి అంటుకుపోతోంది. చెట్ల వేర్లు దారికి అడ్డం వచ్చిన చోట ఎవరో పుణ్యాత్ములు చెక్కలు పరిచి మెట్లు కట్టారు. అమ్మ నా భుజం మీద చెయ్యేసి నడుస్తోంది. "పక్షి, నీలంది" అని చూపించింది ఒకసారి. నేను తలెత్తేలోపు ఎగిరిపోయింది. అంచుల్లో చూసే మనిషికి ఉన్న చురుకు నాకు లేకపోయింది.

మా మేనకోడలు వచ్చి నా పక్కన నడవడం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్నకు వినబడనంత దూరం అయ్యాక మెల్లిగా అంది: "అత్తా, నాన్న అసలు ఇది చూడనేలేదు తెలుసా?"

"అదేంటే? చూసొచ్చానన్నాడుగా!"

"నేనూ వచ్చానుగా ఆరోజు. కారు పార్క్ చేసి, టీ తాగి, 'సరే, అర్థమైంది' అని తిరిగొచ్చేశాం. ఒక్క అడుగు కూడా నడవలేదు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టీ కొట్టు దగ్గర నిలబడి జలపాతం అర్థమైపోయిన మనిషి మా అన్నయ్య ఒక్కడే అయి ఉంటాడు. "పోనీలే, దారి ఒక్కటేగా, తిన్నగా పోతే అదే వస్తుంది" అన్నాను. అమ్మ చెయ్యి నా భుజాన్ని కాస్త గట్టిగా పట్టుకుంది. విన్నదో, వేరు తగిలిందో అప్పుడు నాకు తెలియలేదు.

కాసేపటికి అన్నయ్యకు ఆయాసం వచ్చింది. రోజంతా కూర్చుని ఇంకొకళ్ళను నడిపించే మనిషి కదా, తన కాళ్ళతో ఇంత దూరం వచ్చి చాలా కాలమై ఉంటుంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది, మొహం ఎర్రగా కమిలింది. అయినా ఆగుదామని నోటితో అనడు. అంటే పరువు పోదూ! సరిగ్గా అప్పుడే దారి ఒక మలుపు తిరిగింది. ఏటికి అడ్డంగా ఏదో కనిపించింది. నీళ్ళు దాని మీంచి జారి కింద పడుతున్నాయి. కింద ఒక మడుగు.

"అదిగో!" అని అన్నయ్య కర్ర పైకెత్తాడు. "వచ్చేశాం! ఇదే జలపాతం!"

అందరం అక్కడికి వెళ్ళి నిలబడ్డాం. అది ఏటికి అడ్డంగా పోసిన సిమెంటు గోడ. చెక్‌డ్యామ్. నా నడుమెత్తు ఉంటుందేమో. పాచిపట్టి ఆకుపచ్చగా ఉంది కాబట్టి దూరం నుంచి బండలా కనిపించింది, అంతే. దాని మీంచి పల్చగా నీళ్ళు జారుతున్నాయి. పోనీ అదైనా సరిపెట్టుకుందామంటే, గోడకు ఒక పక్కన నీటి మట్టం కొలవడానికి తెల్లరంగు వేసి, నల్ల గీతలతో, అంకెలతో నిలువుగా స్కేలు గీసి ఉంది. ఎక్కడైనా జలపాతానికి స్కేలు ఉంటుందా? ఈ సంగతి అడగాల్సిన అవసరం మామూలు కుటుంబాల్లో రాదు.

మరిది స్కేలును చూశాడు. చెల్లెలు స్కేలును చూసింది. వదిన కూడా చూసింది. తర్వాత ముగ్గురూ ఒకేసారి చెట్ల వైపు చూడటం మొదలుపెట్టారు.

"నాన్నా, ఫోన్లో ఇంకా ముందుకు చూపిస్తోంది" అంది మేనకోడలు.

అన్నయ్య కుడికాలు బురదను నొక్కింది. "ఫోనుకేం తెలుసు? నేను స్వయంగా చూసొచ్చిన చోటు ఇది."

"అవునవును, బావగారు చూసొచ్చారుగా. అద్భుతంగా ఉంది. నీళ్ళు ఎంత... ఎంత క్రమశిక్షణగా పడుతున్నాయో!" అన్నాడు మరిది. ఆ మాట అనడానికి ఆయన బ్యాంకులో ఎన్ని పరీక్షలు రాసి పాసయ్యాడో!

"ఏవండీ, మీరు ఇలా వచ్చి నిలబడండి, ఫోటో తీస్తా" అంది వదిన. తీరా తెరలో స్కేలు పడుతుంటే, కూతుర్ని లాక్కొచ్చి సరిగ్గా దానికి అడ్డంగా నిలబెట్టింది. అంటే వదినకి తెలుసు. అందరికీ తెలుసు. ఇంత చదువుకున్న, ఇంతింత జీతాలు తెచ్చుకునే మనుషులు, ఒక్కడు అలుగుతాడేమోనని సిమెంటు గోడను చూసి ఆహా ఓహో అంటున్నారు. నాకు ఒళ్ళంతా మంట పుట్టింది.

అమ్మ మాత్రం నిలబడి మొహం ఇటూ అటూ మెల్లిగా తిప్పుతోంది. కంటి అంచుల్లో ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతోంది. "ఇదేనా నాన్నా?" అని అడిగింది.

"ఇదే అమ్మా. బాగా చూడు. అదిగో, ఇటు చూడు, ఇటు" అని అన్నయ్య ఆమె గడ్డం పట్టుకుని గోడకు ఎదురుగా సూటిగా తిప్పాడు.

"బావుంది" అంది అమ్మ. ఒక క్షణం ఆగి, "మన లాండ్రీ ట్యాంకు నిండినట్టే ఉంది" అంది.

మరిది పళ్ళు ఇకిలించాడు. "అత్తయ్యగారి హాస్యం!"

నేనిక ఆగలేకపోయాను. "అన్నయ్యా, దాని మీద స్కేలు గీసి ఉంది. కనబడటం లేదా? అమ్మకైతే చూపు లేదు, నీకేమైంది?"

"స్కేలు ఉంటే? జలపాతం లోతెంతో చూసుకోవడానికి గీశారు. జాగ్రత్త కోసం. నీకు తెలియనివి మాట్లాడకు."

"ఇది చెక్‌డ్యామ్. సిమెంటు! అసలు జలపాతం ముందుంది. పద, కొంచెం దూరమే."

"ఎంత దూరమో నీకు తెలుసా? వెళ్ళావా ఎప్పుడైనా?"

"నువ్వు మాత్రం వెళ్ళావా?"

అప్పుడు ఆయన మొహం చూడాలి. ఒక్కసారి కూతురి వైపు చూశాడు, అది తల దించుకుంది. తర్వాత నా మీద విరుచుకుపడ్డాడు. "మైకు ముందు కూర్చుని వాగే అలవాటు ఇంట్లో పెట్టుకోకు. ఇంత కష్టపడి అందర్నీ తీసుకొస్తే, నిమిషంలో పాడుచేయడం నీకు సరదా. అమ్మ సంతోషంగా ఉండటం చూడలేవు నువ్వు."

"ఎందుకమ్మా ప్రతిదానికీ పేచీ?" అంది వదిన. "అత్తయ్యగారికి ఎలాగూ అంతా ఒకేలా కనిపిస్తుంది."

ఆ మాట విని నేను వదిన వైపు ఒక్క అడుగు వేశాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "అక్కా, ఊరుకో. అన్నయ్య బాధపడతాడు. ఇవాళ ఒక్కరోజు సర్దుకో" అని గుసగుసలాడింది. ఇవాళ ఒక్కరోజట! నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇంట్లో ప్రతిరోజూ ఆ ఒక్కరోజే. అన్నయ్య తప్పుగా చెప్పిన లెక్కను మాస్టారి దగ్గర నేనే తప్పు చేశానని ఒప్పుకున్న రోజూ అదే మాట, ఆయనకు నచ్చిన సంబంధానికి చెల్లెలు తలూపిన రోజూ అదే మాట. సర్దుకుని సర్దుకుని మా చెల్లెలి వెన్నెముక ఎప్పుడో మెత్తబడిపోయింది. దానికి బాధ కూడా లేదు.

దుప్పటి పరిచారు. బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు బయటికొచ్చాయి. "తినేసి బయల్దేరదాం, వాన వచ్చేలా ఉంది" అన్నాడు అన్నయ్య ఆకాశం వైపు ఒక అధికారిలా చూస్తూ. మరిది తలూపాడు. అంటే ఇక అయిపోయినట్టే. ఇంత దూరం వచ్చి అమ్మ ఈ సిమెంటు గోడను చూసి వెనక్కి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తాం? అన్నయ్య లెక్కలో చూపించడం పూర్తయింది. ఇంకోసారి అడిగితే "చూశావుగా అమ్మా" అంటాడు. ఈలోపు ఆ అంచులు కూడా చీకటైపోతాయి. ఏడుపు వచ్చింది, వాళ్ళ ముందు ఏడవడం కంటే ఆ మడుగులో దూకడం నయమనిపించింది.

అమ్మ గుడ్డు తినకుండా పక్కన పెట్టింది. "చెట్ల చాటుకు వెళ్ళొస్తాను. నువ్వు రావే" అంది నాతో.

"త్వరగా రండి" అన్నాడు అన్నయ్య నోట్లో గుడ్డుతో.

దారి ఎక్కగానే నేను వెనక్కి, చెట్లు దట్టంగా ఉన్న వైపు మళ్ళబోయాను. అమ్మ నా భుజం పట్టుకుని ఆపింది.

"అటు కాదు. ఇటు, పైకి."

"చాటు అటుందమ్మా."

"ఓసి పిచ్చిమొహమా, నాకు చాటెందుకు? చప్పుడు పైనుంచి వస్తోంది. ఆ గోడ దగ్గర నిలబడ్డప్పుడే వినబడింది. ట్యాంకు పొర్లే చప్పుడు నేనెరగనిదా? పద, వాడు రెండో గుడ్డు ఒలిచేలోపు వెళ్ళొద్దాం."

నాకు నవ్వు ఆగలేదు. ఇద్దరం దొంగల్లా పైకి నడిచాం. అమ్మ నా భుజం వదిలేసి, దారి పక్కన కట్టిన కొయ్య కమ్మీ పట్టుకుని నాకంటే ముందు నడుస్తోంది. పైనుంచి చిన్న పిల్లలతో ఒక కుటుంబం తడి బట్టలతో దిగి వస్తోంది. "ఇంకెంత దూరం?" అని అడిగితే, వాళ్ళ నాన్న వింతగా చూసి, "ఆ మలుపు తిరిగితే అదేగా" అన్నాడు. ఆ మలుపు తిరగడానికి మా అన్నయ్య పరువు ఒప్పుకోలేదన్నమాట. అంత దగ్గర!

తిరిగాం.

కొండ నిలువునా చీలినట్టు ఉంది, ఆ చీలికలోంచి ఏరంతా ఒక్కసారిగా కిందికి దూకుతోంది. కింద ఒక పెద్ద మడుగు, అది నిండి ఇంకో మడుగులోకి, అక్కణ్ణించి ఇంకోదాంట్లోకి. క్యాలెండరులో ఉన్నట్టే. కాదు, క్యాలెండరులో చప్పుడు లేదు, ఈ గాలి లేదు. గాలిలో నీటి తుంపర వచ్చి మొహానికి కొడుతోంది.

నేను నా అలవాటు కొద్దీ మొదలుపెట్టాను. "అమ్మా, నీకు ఎదురుగా ఎత్తుగా కొండ ఉంది. దాని మధ్యలోంచి నీళ్ళు పడుతున్నాయి. కుడి పక్కన నల్లటి బండలు, వాటి మీద ఈకల్లాంటి ఆకుల ఫెర్న్ మొక్కలు. కింద మొదటి మడుగు పచ్చగా..."

"నోరుమూసుకోవే" అంది అమ్మ. "నన్ను చూడనీ."

మూసుకున్నాను. నా ఉద్యోగంలో నన్ను అలా ఎవరూ ఆపలేదు, ఆపితే ఊరుకునేదాన్నీ కాదు.

అమ్మ మొహాన్ని మెల్లిగా ఎడమకు తిప్పింది. తిప్పి ఆగింది. మళ్ళీ ఇంకొంచెం. ఎక్కడో సరిగ్గా అంచు దొరికినట్టుంది, అక్కడ కదలకుండా నిలబడిపోయింది. జలపాతం ఒక వైపు, ఆమె మొహం ఇంకో వైపు. తెలియనివాళ్ళు చూస్తే జలపాతం మీద అలిగిన మనిషి అనుకుంటారు. కళ్ళు పెద్దవి చేసి, నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా చూస్తోంది.

"ఇంత తెలుపా!" అంది చివరికి. "ఎన్ని దుప్పట్లు ఉతికానే, ఒక్కటైనా ఇంత తెల్లగా వచ్చిందా? ఎవరూ పిండక్కర్లేదు, ఆరేయక్కర్లేదు."

చెప్పులు విప్పి మడుగులోకి దిగింది. వద్దన్నా వినలేదు. చేతులు చాచి, పైనుంచి వస్తున్న తుంపరలో నిలబడి, అలాగే పక్కకు చూస్తూ నవ్వుతోంది. ముడి విడిపోయింది. ఒంటి మీద పొడి దారం పోగు లేదు. నేనూ దిగాను. ఆమె చెయ్యి పట్టుకుని బిగ్గరగా ఏడ్చాను. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది?

వెనక్కి వచ్చేటప్పుడు నా కోపం మళ్ళీ తన్నుకొచ్చింది. ఇప్పుడది సంతోషంతో కూడిన కోపం, మరీ ప్రమాదకరం. "ఇవాళ వాడి సంగతి తేలుస్తాను. అందర్నీ చెవి పట్టుకుని పైకి లాక్కొస్తాను. టీ కొట్టు దగ్గరే వెనుదిరిగిన సంగతి కూడా అందరి ముందూ కక్కిస్తాను."

"నువ్వు నోరెత్తకు" అంది అమ్మ. "వాడితో నేను మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు? 'పోనీలే నాన్నా' అంటావు. నాకు తెలియదా? వాణ్ణి ఇలా తయారుచేసిందే నువ్వు."

"అవును, నేనే" అంది అమ్మ.

గోడ దగ్గర అందరూ దుప్పటి మడిచేసి మా కోసం చూస్తున్నారు. మమ్మల్ని చూడగానే వదిన నోటి మీద చెయ్యేసుకుంది. అమ్మ తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు కారుతున్నాయి. ఆ నడుమెత్తు గోడ దగ్గర రోజంతా దొర్లినా మనిషి అలా తడవదు. ఎక్కడికి వెళ్ళొచ్చామో వాళ్ళకు ఇట్టే తెలిసిపోయింది. మరిది చెట్ల వైపు చూశాడు. ఆ చెట్లకు ఆ రోజు దక్కినంత గౌరవం ఇంకెప్పుడూ దక్కి ఉండదు.

"ఎక్కడికి పోయారు?" అన్నాడు అన్నయ్య. గొంతులో కోపం ఉంది గానీ కింద భయం కూడా ఉంది. కుడికాలు బురదలో దిగబడి ఉంది. "పైకి వెళ్ళారా? ఏముంది పైన?"

నేను నోరు తెరిచాను. అమ్మ నన్ను దాటుకుని వెళ్ళి వాడి ఎదుట నిలబడింది.

"ఏముంటుంది నాన్నా, అవే నీళ్ళు" అంది. "నువ్వు చూపించిందే జలపాతం. నువ్వు చెప్పాక ఇంకోటెలా ఉంటుంది?"

అన్నయ్య మొహం వెలిగిపోయింది. బురదలోంచి కాలు పైకి వచ్చింది. "విన్నావా?" అన్నాడు నా వైపు తిరిగి. తర్వాత అందరి వైపూ తిరిగాడు. "చూశారా, అమ్మ నా మొహంలోకి సూటిగా చూసి చెప్పింది! ఎన్నాళ్ళయింది అమ్మ నన్ను ఇలా చూసి!"

"నిజమే బావగారూ. సూటిగా చూశారు" అన్నాడు మరిది.

"మిమ్మల్నైనా చూశారు" అంది వదిన, ముక్కు ఎగబీలుస్తూ.

నిజమే, సూటిగానే చూసింది. ఈసారి ఎవరూ ఆమె గడ్డం పట్టుకుని తిప్పలేదు. తనంతట తానే వాడికి ఎదురుగా మొహం పెట్టి, ఇంత కూడా పక్కకు తిప్పకుండా చూసింది. అలా చూస్తే ఆమెకు వాడు నిలబడ్డ చోట ఒట్టి మసక తప్ప ఏమీ ఉండదు. ఆ సంగతి డాక్టరు వాళ్ళందరికీ చెప్పాడు. ఎవరికీ గుర్తు రాలేదు. నేను తెరిచిన నోరు మూసేశాను.

కారు దాకా నడుస్తుంటే అన్నయ్య ముందు కర్ర ఊపుకుంటూ, ఇకపై ఏటేటా అందర్నీ ఇక్కడికి తీసుకొస్తానని చెబుతున్నాడు. మరిది అవునవును అంటున్నాడు. అమ్మ తడి బట్టలతో వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. కాస్త ఆరుతున్న నా బట్టలు కూడా మళ్ళీ తడిసిపోయాయి. కారు కదిలాక ఆమె మొహం కాస్త పక్కకు తిప్పి, నా భుజం వెనక్కి చూస్తూ, "ఆకలేస్తోందే. నా గుడ్డు ఉంచారా, అదీ వాడే తినేశాడా?" అని అడిగింది.